ఆకాశం చదువు – మన వాల్తేరు

వంటిల్లు సర్దుకుని, ఓ పది నిమిషాలు నడుం వాల్చే వేళ ఇది. ఇలాంటి వేళ ఆకాశం గురించి మాట్లాడతానంటే "మనకెందుకమ్మా ఆ గొడవ" అనుకుంటారేమో. కాస్త ఆగండి. ఈ కథ మన ఇంట్లో రేడియోతోనే మొదలవుతుంది.

మా ఆనందపురంలో మా పక్కింటావిడ మొన్న సాయంత్రం అరుగు మీద పూలు గుచ్చుకుంటూ ఒక మాట అడిగారు. వాళ్ల పెద్దమ్మాయి బి.యస్సీ. పాసైంది. ఫిజిక్సులో ఎం.యస్సీ. చదువుతానంటోంది. అంతరిక్షానికి సంబంధించిన పని చెయ్యాలని దాని కోరిక. "వదినగారూ, రాకెట్లు ఎగరేసేవాళ్లు శ్రీహరికోటలో ఉన్నారు, ఉపగ్రహాలు చేసేవాళ్లు బెంగుళూరులో ఉన్నారు. ఇది ఇక్కడ యూనివర్సిటీలో కూర్చుని చదివి ఏం చేస్తుంది? మంచి సంబంధం చూసి పెళ్లి చేసేస్తే నయం కాదూ?" అన్నారావిడ.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఏభై ఏళ్ల కిందట మా ఇంట్లోనూ ఇదే మాట అన్నారు. నా చదువు బి.యస్సీ.తో ఆగిపోయింది. ఆ రోజు ఆవిడకి చెప్పలేకపోయిన జవాబే ఇవాళ మీతో చెప్పుకుంటున్నాను.

మీలో పెద్దవాళ్లకి రేడియో సిలోను జ్ఞాపకం ఉండే ఉంటుంది. షార్ట్‌వేవ్ మీద ముల్లు తిప్పి తిప్పి పట్టుకునేవాళ్లం. మంచి పాట వస్తుండగా గొంతు సన్నగిల్లిపోయేది, మళ్లీ ఉన్నట్టుండి గట్టిగా వినిపించేది. సెట్టు మీద రెండు దెబ్బలు వేసేవాళ్లం, పాపం! తప్పు సెట్టుది కాదండీ. సముద్రం అవతల నుంచి ఆ పాట తిన్నగా మన ఇంటికి రాదు. పైకి వెళ్లి, ఆకాశంలో ఒక పొరకి తగిలి, తిరిగి కిందకి వస్తుంది. భూమికి సుమారు అరవై, డెబ్బై కిలోమీటర్ల పై నుంచి కొన్ని వందల కిలోమీటర్ల వరకు, సూర్యుడి నుంచి వచ్చే తీక్షణమైన కిరణాల వల్ల గాలిలోని అణువుల నుంచి ఎలక్ట్రానులు విడిపోతాయి. అలా విద్యుత్తు నిండిన పొరలనే అయనోస్ఫియరు అంటారు. ఆ పొర నిలకడగా ఉండదు. గాలికి గుమ్మం తెర కదిలినట్టు కదులుతూ ఉంటుంది. అది కదిలినప్పుడల్లా మన పాట సన్నబడుతుంది, పెరుగుతుంది.

మనం విసుక్కున్న ఈ సంగతినే కూర్చుని లెక్క కట్టినవాళ్లు మన వాల్తేరులో ఉన్నారు.

ఆంధ్రా యూనివర్సిటీ 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు కొండ మీదకి వచ్చింది. 1932లో సైన్సు తరగతులు మొదలయ్యాయి. జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారు ఇచ్చిన విరాళాలు వాటికి ఊపిరి పోశాయి. సూరి భగవంతంగారూ, కె. రంగధామరావుగారూ భౌతికశాస్త్ర శాఖను నిలబెట్టారు. ఆ శాఖలోనే ప్రొఫెసరు బి. రామచంద్రరావుగారు అయనోస్ఫియరు పరిశోధనకి పేరు తెచ్చారు. 1965లో ఆయనకి శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమానం వచ్చింది. మన దేశంలో సైంటిస్టులకి ఇచ్చే పెద్ద బహుమానాల్లో అదొకటి.

1950ల్లో అక్కడ చేసిన ఒక పని చెబుతాను, వినండి. ఎక్కడో వందల కిలోమీటర్ల పైన పొర ఏ దిక్కుకి, ఎంత వేగంగా కదులుతోందో కింద కూర్చుని ఎలా తెలుసుకోవడం? మూడు డాబాల మీద మూడు దండేల నిండా బట్టలు ఆరవేశారనుకోండి. మబ్బు నీడ ముందు ఏ దండెం మీద పడింది, తర్వాత దేని మీద పడింది చూస్తే మబ్బు ఎటు పోతోందో చెప్పెయ్యొచ్చు గదా! వాళ్లూ అదే చేశారు. కొద్ది కొద్ది దూరాల్లో త్రికోణంగా మూడు ఆంటెనాలు నిలబెట్టి, పైకి పంపిన రేడియో సంకేతం తిరిగి వచ్చినప్పుడు ఏ ఆంటెనా దగ్గర ముందు సన్నబడిందో, ఏ ఆంటెనా దగ్గర తర్వాత సన్నబడిందో కొలిచారు. దానికి రాకెట్టు లేదు, ఉపగ్రహం లేదు. ఓపిక ఉంది, రాత్రింబవళ్లు కాగితాల మీద లెక్కలు వేసే విద్యార్థులు ఉన్నారు.

అయితే ఆకాశం వాల్తేరు పైనే లేదు గదా. ఒక్కచోట చూస్తే దాని గుట్టు తెలియదు. అందుకే 1957 జులై నుంచి 1958 డిసెంబరు దాకా అరవైకి పైగా దేశాలు కలిసి అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం జరిపాయి. ఒకే కాలంలో, ఒకే పద్ధతిలో భూమినీ ఆకాశాన్నీ కొలిచాయి. మొదటి ఉపగ్రహం స్పుత్నిక్‌ని రష్యావాళ్లు 1957 అక్టోబరు 4న ఎగరేసింది ఆ సంవత్సరంలోనే. ఆ తర్వాత 1963 నవంబరు 21న కేరళలో తుంబా నుంచి మన గడ్డ మీద మొదటి అంతరిక్ష పరిశోధన రాకెట్టు లేచింది. రాకెట్టు అమెరికాది, అందులో పరికరం ఫ్రాన్సుది. ఇవాళ మన రాకెట్టు మీద ఇతర దేశాల ఉపగ్రహాలు వెళ్తున్నాయి. మధ్యలో ఈ మార్పు ఎలా వచ్చింది? సరుకు అరువు తెచ్చుకోవచ్చు గాని మనుషుల్ని ఎన్నాళ్లని అరువు తెచ్చుకుంటాం? ఆ మనుషులు తయారయ్యే చోటు యూనివర్సిటీయే.

ఈ సంగతి అమెరికావాళ్లు చట్టం చేసి మరీ రాసుకున్నారు. పూర్వం 1862లో వ్యవసాయ కాలేజీల కోసం భూములిచ్చినట్టూ, 1966లో సముద్ర విద్యకి నిధులిచ్చినట్టూ, 1987లో అంతరిక్ష విద్య కోసం స్పేస్ గ్రాంట్ అనే పథకం పెట్టారు. 1989లో 21 యూనివర్సిటీ సంఘాలతో అది మొదలైంది. తర్వాత 50 రాష్ట్రాలకీ, రాజధాని వాషింగ్టన్‌కీ, ప్యూర్టోరికోకీ పాకి మొత్తం 52 సంఘాలయ్యాయి. విద్యార్థులకి స్కాలర్‌షిప్పులు, టీచర్లకి శిక్షణ, చిన్న చిన్న పరిశోధనలకి డబ్బు ఇవ్వడం వాటి పని. ఇందులో నాకు నచ్చిన సంగతి ఒక్కటే. ఏ రాష్ట్రపు పిల్లకైనా తన రాష్ట్రంలోనే ఒక గుమ్మం ఉంటుంది.

మనకి అలాంటి ఒక్క చట్టం లేకపోయినా పోగులు చాలానే ఉన్నాయి. 1969 ఆగస్టు 15న ఇస్రో ఏర్పడింది. 1970ల నుంచీ 'రెస్పాండ్' అనే పథకం కింద యూనివర్సిటీల్లో పరిశోధనలకి డబ్బిస్తోంది. ఐ.ఐ.టి.ల వంటి చోట్ల అంతరిక్ష విభాగాలు పెట్టింది. 2007లో తిరువనంతపురంలో అంతరిక్ష విద్యకే ఒక సంస్థ వెలిసింది. మన చిత్తూరు సీమలో, తిరుపతి దగ్గర గాదంకిలో 1990ల మొదట్లో పెద్ద రాడారు కట్టారు. పాతరోజుల్లో దూరదర్శన్ కోసం డాబా మీద కర్రకి కట్టుకునే ఆంటెనా గుర్తుందా? అలాంటివి వరుసగా 1,024 నాటారక్కడ! పై గాలుల్ని, పొరల్ని అది పగలూ రాత్రీ కనిపెడుతుంది. దేశంలోని యూనివర్సిటీల వాళ్లు వెళ్లి దాని మీద పనిచేసుకునే వీలుంది. ఉస్మానియా యూనివర్సిటీ సంగతి చెప్పాలంటే, 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం రోజున మనం తలుపులు బిడాయించుకుని కూర్చుంటే, వాళ్ల రంగాపురం అబ్జర్వేటరీలో విద్యార్థులు పెద్ద పెద్ద శాస్త్రజ్ఞుల పక్కన నిలబడి ఆ గ్రహణాన్ని కొలిచారు.

"ఇదంతా బాగానే ఉంది, దీనివల్ల మనకేమొచ్చింది?" అంటారా? చెబుతాను.

ఇవాళ విమానం దారి చూసుకునేది ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలతో. ఆ సంకేతం మన పాత స్నేహితురాలు అయనోస్ఫియరులోంచే దిగిరావాలి. దిగేటప్పుడు కాస్త ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం సెకనులో ఎన్నో వంతో అయినా, కింద లెక్కలో విమానం స్థానం కొన్ని మీటర్లు తప్పుతుంది. దిగేటప్పుడు మీటర్లంటే మాటలా? పైగా భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్న మన దేశం మీద ఈ పొర ఎక్కువ అల్లరి చేస్తుంది. అమెరికావాళ్ల లెక్క మనకి అతకదు. అందుకని ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి 'గగన్' అనే ఏర్పాటు చేసేటప్పుడు దేశమంతా 18 చోట్ల రిసీవర్లు పెట్టి ఈ పొరని కొలిచారు. ఆ కొలతల్ని విడదీసి, ఏ వేళ ఏ సీమ మీద ఎంత తేడా వస్తుందో వివరించినవాళ్లలో మన ఆంధ్రా యూనివర్సిటీ శాస్త్రజ్ఞులు ఉన్నారు. 2004, 2005 సంవత్సరాల కొలతల మీద వాళ్లు రాసిన వ్యాసాలు ప్రపంచమంతా చదివారు. 2013 డిసెంబరు 30న గగన్‌కి విమానాల వాడకానికి మొదటి అనుమతి వచ్చింది. చూశారా, 1950ల్లో త్రికోణంగా మూడు ఆంటెనాలు నాటిన చదువు, ఏభై ఏళ్ల తర్వాత విమానంలో కూర్చున్న మీ అబ్బాయిని క్షేమంగా దింపడానికి పనికొచ్చింది. మధ్యలో ఏ ఒక్క తరమైనా "దీనివల్ల ఏమొస్తుంది" అని చదువు మానేసి ఉంటే ఈ గొలుసు తెగిపోయేది.

ఇక ఆడపిల్లల మాట. 2019లో బయలుదేరిన చంద్రయాన్-2కి ప్రాజెక్టు డైరెక్టరు ఎం. వనిత. 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగిన చంద్రయాన్-3కి అసోసియేట్ ప్రాజెక్టు డైరెక్టరు కె. కల్పన. ఆ సాయంత్రం టీ.వీ.లో ఆవిడ మైకు ముందు నిలబడి మాట్లాడుతుంటే నా కళ్లు చెమర్చాయి, దాచుకోను. తెలుగింట పుట్టి అమెరికాలో పెరిగిన బండ్ల శిరీష 2021 జులై 11న అంతరిక్షం అంచుకి వెళ్లినప్పుడు, ఊరికే షికారుకి వెళ్లలేదు. ఫ్లోరిడా యూనివర్సిటీవాళ్లు ఇచ్చిన మొక్కల ప్రయోగం ఒకటి తన చేతులతో చేసి వచ్చింది. ఆ పిల్ల చదివింది పర్డ్యూ యూనివర్సిటీలో. ఇందాక చెప్పిన స్పేస్ గ్రాంట్‌లో ఇండియానా రాష్ట్రపు సంఘానికి పెద్దదిక్కు ఆ యూనివర్సిటీయే.

అయితే ఒక నిజం కూడా చెప్పుకోవాలి. ఎం.యస్సీ. చదివిన ప్రతి పిల్లకీ ఇస్రోలో ఉద్యోగం రాదు. కొందరు వాతావరణ శాఖకి వెళ్తారు, కొందరు కాలేజీల్లో పాఠాలు చెబుతారు, కొందరు కంప్యూటర్ల మీద లెక్కలు చేస్తారు. అదీ ఈ గొలుసులో భాగమే. పాఠం చెప్పేవాళ్లు లేకపోతే తర్వాతి తరం ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకో మాట. మంచి మంచి సంస్థలన్నీ దూరాన ఉన్నప్పుడు నష్టపోయేది ఎక్కువగా ఆడపిల్లే. మగపిల్లాడైతే పెట్టె సర్దుకుని పోతాడు. ఆడపిల్లకి మాత్రం "అంత దూరమా!" అని ఇంట్లోనే తలుపు వేసేస్తాం. దగ్గర్లో ఉన్న యూనివర్సిటీ విలువ అందుకే మనకి మరీ ఎక్కువ. దాన్ని కాపాడుకోవడం, అక్కడ ప్రయోగశాలలు నడుస్తున్నాయా, పాఠాలు చెప్పేవాళ్లు ఉన్నారా అని అడగడం మన పనే.

మీ ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఉంటే, ఇస్రోవాళ్లు 2019లో మొదలుపెట్టిన 'యువిక' అనే కార్యక్రమం గురించి స్కూల్లో అడగండి. ఆ వయసు పిల్లల్ని ఎంపిక చేసి అంతరిక్ష కేంద్రాలకి తీసుకెళ్లి పాఠాలు చెప్పేందుకు పెట్టిందది. డిగ్రీ చదివే పిల్ల ఉంటే, పీజీ ప్రవేశ పరీక్ష ఎప్పుడో కనుక్కోండి.

మా పక్కింటావిడకి ఇదంతా మొన్న ఆదివారం కాఫీ తాగుతూ చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. పూలబుట్ట తీసుకుని వెళ్లిపోయారు. నిన్న పొద్దున్నే గోడ మీంచి పిలిచి, "వదినగారూ, మద్దిలపాలెం దాకా బస్సులు ఏ వేళకి ఉంటాయో మీకేమైనా తెలుసా?" అన్నారు.

ఉంటాను మరి. నమస్కారం.