దివిసీమ లెక్క ఎవరు కట్టాలి?

విజయవాడ పక్కన కానూరులో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజినీరింగ్ కళాశాల మొదలైంది 1977లో. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు యాజమాన్యం కింద వచ్చిన మొదటి ఇంజినీరింగ్ కళాశాల అది. అంతకు రెండేళ్ల ముందే, 1975లో, దాతలు చేతులు కలిపి సిద్ధార్థ అకాడమీ పెట్టుకున్నారు. ఉయ్యూరు చక్కెర మిల్లు నెలకొల్పిన పారిశ్రామికవేత్త పేరు కళాశాలకు వచ్చింది. అనుబంధం ఇచ్చిన నాగార్జున విశ్వవిద్యాలయానికి అప్పటికి నిండా ఏడాదే. అదే ఏడు నవంబరు 19న, కానూరుకు అరవై కిలోమీటర్ల దిగువన, కృష్ణ ముఖద్వారం దగ్గరి దివిసీమ మీదికి తుపానుతో సముద్రం ఎక్కి వచ్చింది. ఈ రెంటికీ ఒకే ఏడు జరగడం తప్ప సంబంధమేమీ లేదు. ఉండి ఉండాల్సిందన్నదే నా వాదన. కళాశాల యాభయ్యో ఏటికి చేరుతున్న వేళ, డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా కూడా వచ్చిన వేళ, ఆ సంబంధం కలుపుకోవడానికి ఆలస్యం కాలేదు.

ఆనాడు జనాన్ని పొట్టన పెట్టుకున్నది గాలి కన్నా నీరు. తుపాను చీరాల దగ్గర తీరం దాటింది, ఊళ్లు తుడిచిపెట్టుకుపోయింది మాత్రం సొర్లగొంది, పాలకాయతిప్ప వైపు. ఇందులో వింతేమీ లేదు. మన అర్ధగోళంలో తుపాను గాలి అపసవ్యంగా తిరుగుతుంది. కనుక తుపాను సాగే దారికి కుడి చేతి వైపున గాలి సముద్రాన్ని ఒడ్డుకు నెడుతుంది, ఎడమ వైపున వెనక్కి లాగుతుంది. కుడి వైపున ఉన్నది దివిసీమ. దానికి తోడు కృష్ణ ముఖద్వారం ముందు సముద్రం లోతు తక్కువ, తోసుకొచ్చిన నీటికి పైకి లేవడం తప్ప దారి లేదు. ఉప్పెన అయిదు మీటర్ల దాకా లేచింది. చనిపోయినవారు అధికారిక లెక్క ప్రకారమే పదివేల దాకా ఉన్నారు. బంగాళాఖాతం ఉప్పెనలను సమీకరణాలతో అంచనా కట్టవచ్చని భారత వాతావరణ శాఖకు చెందిన పి.కె.దాస్ 1972లోనే ‘నేచర్’ పత్రికలో చూపించారు. 1977 ఉప్పెననే తీసుకుని ఐఐటీ ఢిల్లీకి చెందిన దూబే, మొహంతీ, సిన్హా, ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయన్ జాన్స్‌తో కలిసి కంప్యూటర్ మీద తిరిగి సృష్టించారు. ఆ పత్రం 1981లో ఇంగ్లండు రాయల్ మెటియొరలాజికల్ సొసైటీ పత్రికలో వచ్చింది. మన దేశంలో ఉప్పెన శాస్త్రానికి దివిసీమ ఒక పాఠ్యాంశమైంది. పాఠం చెప్పింది మాత్రం ఢిల్లీ, రీడింగ్.

ఆ లెక్క ఎలా కడతారో కొంచెం దగ్గరగా చూద్దాం. సముద్రాన్నీ నేలనూ గళ్లుగా విడగొడతారు. ఒక్కో గడికి మూడు అంకెలు: నీటి మట్టం, తూర్పు పడమరల వేగం, ఉత్తర దక్షిణాల వేగం. పక్క గడి నుంచి ఎంత నీరు వచ్చింది, గాలి ఎంత తోసింది, అడుగు ఎంత రాసుకుంది అని కొన్ని సెకన్లకొకసారి అన్ని గళ్లకూ తిరగరాయాలి. గడి పొడవు సగం చేస్తే గళ్లు నాలుగింతలవుతాయి. అంతటితో పోదు, అల ఒక్క అంగలో గడిని దాటిపోకుండా ఉండాలంటే కాలపు అంగనూ సగం చేయాలి. మొత్తం శ్రమ ఎనిమిదింతలు. మహా కంప్యూటర్ల మోజంతా ఈ ఎనిమిదింతల దగ్గరే పుట్టింది. అమెరికాను బతిమాలి తెచ్చుకున్న క్రే యంత్రం 1989లో ఢిల్లీలో వాతావరణ అంచనాలకు కూర్చుంది. అడిగినంత పెద్ద యంత్రం వాళ్లు ఇవ్వలేదన్న ఉక్రోషంలోంచి 1988లో సీడాక్ సంస్థ, 1991లో అది తయారుచేసిన మహా కంప్యూటర్ పరమ్ 8000 వచ్చాయి. 2024 సెప్టెంబరులో పుణేలో ప్రారంభమైన ‘అర్క’ సామర్థ్యం 11.77 పెటాఫ్లాప్‌లు, అంటే సెకనుకు 117 కోటి కోట్లకు పైగా లెక్కలు. దాని ఆసరాతోనే 2025 మేలో వాతావరణ శాఖ అంచనాల గడి 12 కిలోమీటర్ల నుంచి 6కు దిగింది.

అంత పెద్ద యంత్రాలు పుణేలోనూ నోయిడాలోనూ ఉండగా, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉప్పెన హెచ్చరికలు ఇస్తూనే ఉండగా, విజయవాడ కళాశాలకు ఇందులో పనేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. యంత్రం కొనమని నేనూ అనడం లేదు. 2015లో మొదలైన జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌లో ‘పరమ్ సేవ’ కూర్చుని ఉంది, అలాంటి యంత్రం మీద పనికి కానూరులో కూర్చునే లాగిన్ కావచ్చు. అమెరికా విశ్వవిద్యాలయాలు తయారుచేసిన యాడ్‌సర్క్ వంటి ఉప్పెన నమూనాలు పరిశోధకులకు దొరుకుతున్నాయి. దొరకనిది మన నేల కొలత. విజయవాడ దగ్గర నేల సముద్రమట్టానికి సుమారు 20 మీటర్ల ఎత్తు, అక్కడి నుంచి సముద్రం 70 కిలోమీటర్ల పైమాటే. అంటే కిలోమీటరుకు పాతిక, ముప్ఫై సెంటీమీటర్ల వాలు, తీరం దగ్గర ఇంకా తక్కువ. అలాంటి చోట నేల ఎత్తులో అర మీటరు తప్పు దొర్లితే నీరు ఆగే గీత రెండు కిలోమీటర్లు జరుగుతుంది. అందరూ వాడే ఉపగ్రహ ఎత్తుల పటంలో తప్పు అర మీటరుతో ఆగదు, మీటర్లలో ఉంటుంది. 2000లో అమెరికా షటిల్ రాడార్ గీసిన ఆ పటం కొబ్బరితోట చిటారునూ మడ అడవి నెత్తినీ కూడా నేలగానే లెక్కేసుకుంది. ఆ తప్పును పుణేలో ఎన్ని పెటాఫ్లాప్‌లు ఉన్నా దిద్దలేరు. ఆటో లెవెలు, కొలత స్టాఫు పట్టుకుని కరకట్ట వెంట నడిచే సివిల్ విద్యార్థి దిద్దగలడు.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చిందిగా, ఈ గళ్ల గోల ఎందుకన్నది మరో మాట. 2023లో గూగుల్ డీప్‌మైండ్ చూపిన గ్రాఫ్‌కాస్ట్ పది రోజుల అంచనాను నిమిషం లోపే ఇస్తుంది, తుపాను దారి చెప్పడంలోనూ అది గట్టిదే. కాదనను. కానీ అది నేర్చుకున్నది ఐరోపా వాతావరణ కేంద్రం కూర్చిన పాత రికార్డుల నుంచి, దాని గడి 28 కిలోమీటర్లు. దివిసీమ అంతా ఒకటి రెండు గళ్లలో ఇమిడిపోతుంది. తుపాను బాపట్ల దగ్గర దాటుతుందని అది చెప్పగలదు, నాగాయలంకలో ఏ పేటకు నీరు వస్తుందో చెప్పలేదు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం 1990ది. ఆ ఏడు మే 9న, 1977 నాటిదానికి తీసిపోని తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గరే దాటింది. చనిపోయినవారు వెయ్యి లోపే. కాపాడింది మహా కంప్యూటర్ కాదు. రాడారు, ఉపగ్రహం, ముందుగా జనాన్ని లేపి లారీలెక్కించిన రెవెన్యూ సిబ్బంది. నిజమే, ఈ ఘనత యంత్రానికి కట్టబెట్టేవాళ్లు ఎక్కువ చెబుతున్నారు. అయితే తీరమంతటినీ లేపడం ఎప్పుడూ సాధ్యం కాదు, రెండుసార్లు ఊరికే లేపితే మూడోసారి జనం కదలరు. ఎవరిని లేపాలో, ఎవరిని ఇంట్లోనే ఉండమనాలో తేల్చడానికే చిన్న గడి కావాలి. విజయవాడ ఊరి మధ్యలో కూడా ఇదే అక్కర. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ 11 లక్షల క్యూసెక్కుల పైన వదులుతుండగా, బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్ మునిగింది. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు బుడమేరు మళ్లింపు కాలువ నీరు నదిలోకి దిగదని సాగునీటి ఇంజినీర్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ నీరు ఏ వీధికి ఎన్ని గంటలకు చేరుతుందో చెప్పాలంటే వీధి మట్టాలు, తూముల కొలతలు, పూడిపోయిన కాలువల అసలు వెడల్పు కావాలి. వాటిని పుణే నుంచి వచ్చి ఎవరూ కొలవరు.

దివిసీమ బావుల్లోకి ఉప్పునీరు చొచ్చుకురావడం, రొయ్యల చెరువుల తెగుళ్లు, ఔషధ రసాయనాల అణు నిర్మాణం, ఇలా లెక్కకు లొంగే పనులు మరెన్నో ఉన్నాయి. అన్నీ ఒక కళాశాల నెత్తిన వేసుకోనక్కర్లేదు. సివిల్, కంప్యూటర్ విభాగాలు చెరొక చేయి వేస్తే ఉప్పెన, బుడమేరు చాలు, పదేళ్ల పని. ఈ ఏటి చివరి సంవత్సరం ప్రాజెక్టుల జాబితా ఇంకా ఖరారు కాకపోతే, అందులో దివిసీమలోని ఎదురుమొండి లంక నేల మట్టాలను కూడా చేర్చండి.