మా హువాంగ్ కషాయం: వాడుక, ప్రమాదం

ఎఫెడ్రా పొద కాడలను చైనా వైద్యులు ‘మా హువాంగ్’ పేరుతో కాచి తాగించేవారు. ఇది ఐదు వేల ఏళ్ల నాటి ఔషధమని ప్రచారపత్రాలు చెబుతాయి. షెన్ నోంగ్ పురాణగాథను చరిత్రగా లెక్కిస్తేనే అంత వయసు వస్తుంది. హాన్ యుగాంతంలో జాంగ్ జోంగ్‌జింగ్ తన జ్వర చికిత్సా గ్రంథంలో దీన్ని దాల్చిన రెమ్మలు, ఆప్రికాట్ గింజలు, అతిమధురంతో కలిపి కాచమన్నాడు. చలితో జ్వరం వచ్చి చెమట పట్టని రోగికే ఇవ్వాలి. చెమట పట్టగానే ఆపాలి. విద్యార్థులు ఈ షరతులను ప్రత్యేకంగా గమనించాలి.

1885లో జపాన్ శాస్త్రవేత్త నగాయి నగాయోషి ఇందులోంచి ఎఫెడ్రిన్‌ను వేరుచేశాడు. 1924లో కె.కె. చెన్, కార్ల్ ష్మిట్ ప్రచురించిన పరిశోధన తరువాత అది ఉబ్బసానికి మందుగా వ్యాపించింది. అడ్రినలిన్‌కు సూది తప్పదు, దీన్ని మింగితే చాలు. అయితే ఎఫెడ్రిన్ గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. 1990లలో అమెరికా వ్యాపారులు ఎఫెడ్రాను కెఫీన్‌తో కలిపి సన్నబడే మాత్రలుగా అమ్మారు. మూలికే కదా అన్న ధీమా అమ్మకాలకు కలిసివచ్చింది. జ్వరానికి ఒకటి రెండు రోజులు తాగేదాన్ని జనం నెలల తరబడి మింగారు. గుండెపోటు, పక్షవాతం, మరణాలు నమోదయ్యాయి. 2004లో ప్రభుత్వం ఆ మాత్రలను నిషేధించింది. సంప్రదాయ చైనా వైద్యంలోని వాడుకకు ఆ నిషేధం వర్తించలేదు.