పారిపోయిన బానిసలు, విడిపోయిన రాష్ట్రాలు

అమెరికా అంతర్యుద్ధం బానిసత్వం కోసం జరగలేదని, రాష్ట్రాల హక్కుల కోసం జరిగిందని వాదించేవారు నేటికీ ఉన్నారు. యుద్ధానికి ముందటి చరిత్రను వరుసగా చూస్తే ఆ వాదన నిలవదు.

1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసినవారు బానిస అన్న మాట వాడకుండానే బానిసత్వానికి రక్షణ కల్పించారు. ప్రతినిధుల సభలో స్థానాలు పంచేటప్పుడు బానిసల సంఖ్యలో అయిదింట మూడు వంతులను జనాభాలో కలిపారు. ఓటు లేని మనుషుల లెక్కతో వారి యజమానుల బలం పెరిగింది. పారిపోయినవారిని తిరిగి అప్పగించాలన్న నిబంధన కూడా అందులోనే ఉంది.

ఆ కాలంలో ఉత్తరాది రాష్ట్రాలు ఒక్కొక్కటిగా బానిసత్వాన్ని వదిలించుకున్నాయి. దక్షిణాదిలో మాత్రం అది మరింత వేళ్లూనుకుంది. 1793లో ఎలీ విట్నీ రూపొందించిన యంత్రం పత్తి నుంచి గింజలు తీసే పనిని సులభం చేయడంతో పత్తి సాగు మిసిసిపీ లోయ దాకా పాకింది. 1860 నాటికి దేశ ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే. బానిసల సంఖ్య 40 లక్షలకు చేరువైంది.

పడమటి దిక్కున కొత్త భూములు చేరినప్పుడల్లా అక్కడ బానిసత్వం ఉండాలా వద్దా అన్న తగాదా మొదలయ్యేది. 1820లో మిస్సోరీని బానిస రాష్ట్రంగా, మెయిన్‌ను స్వేచ్ఛా రాష్ట్రంగా చేర్చుకునేందుకు ఒప్పుకుని సెనేట్‌లో సమతూకం నిలిపారు. మెక్సికోతో యుద్ధం గెలిచి 1848లో విశాల భూభాగం పొందాక ఆ సర్దుబాటు చాలలేదు. 1850 ఒప్పందంలో కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రమైంది. అందుకు ప్రతిగా దక్షిణాది కఠినమైన పలాయిత బానిసల చట్టాన్ని సాధించుకుంది.

ఆ చట్టం కింద పట్టుబడిన వ్యక్తికి జ్యూరీ విచారణ లేదు, తన తరఫున సాక్ష్యం చెప్పుకునే వీలు లేదు. యజమానికి అప్పగిస్తే కమిషనర్‌కు 10 డాలర్లు, విడిచిపెడితే 5 డాలర్లు. సాధారణ పౌరులు సైతం పట్టివేతకు సాయపడాలి. 1854లో వర్జీనియా నుంచి తప్పించుకుని వచ్చిన ఆంథొనీ బర్న్స్‌ను బోస్టన్ వీధుల్లో సైనికుల కాపలాతో నడిపించి ఓడ ఎక్కించారు. బానిసత్వం ఎక్కడో దూరాన ఉన్న వ్యవహారమనుకున్న ఉత్తరాదివారికి అది కళ్లెదుట కనిపించింది. విస్కాన్సిన్ న్యాయస్థానం ఈ చట్టం చెల్లదని తీర్పునిస్తే, 1859లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. అప్పుడు రాష్ట్ర హక్కును చాటింది ఉత్తరాది. కేంద్ర అధికారాన్ని ఆశ్రయించింది దక్షిణాది.

1854లోనే కాన్సస్-నెబ్రాస్కా చట్టం 1820 నాటి సర్దుబాటును రద్దు చేసి, ఆ రెండు భూభాగాల్లో బానిసత్వం ఉండాలా వద్దా అన్న నిర్ణయాన్ని అక్కడ స్థిరపడేవారికి వదిలింది. కాన్సస్‌లో ఇరుపక్షాలూ ఆయుధాలు పట్టాయి. బానిసత్వ విస్తరణను వ్యతిరేకించే రిపబ్లికన్ పార్టీ పుట్టింది. 1857లో డ్రెడ్ స్కాట్ అనే బానిస కేసులో సుప్రీంకోర్టు తీర్పు, కొత్త భూభాగాల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు లేదంది. 1860లో డెమొక్రటిక్ పార్టీయే చీలిపోయింది. కొత్త భూభాగాల్లో బానిసత్వానికి కేంద్రమే రక్షణ ఇవ్వాలన్నది దక్షిణాది ప్రతినిధుల పట్టు.

ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ అభ్యర్థి లింకన్ గెలిచాడు. బానిసత్వం ఉన్నచోట దాని జోలికి వెళ్లనని, విస్తరణను మాత్రం అంగీకరించనని ఆయన స్పష్టంగా చెప్పాడు. అయినా డిసెంబర్ 20న సౌత్ కరోలినా విడిపోయింది. నాలుగు రోజుల తరువాత వెలువరించిన ప్రకటనలో, పారిపోయిన బానిసలను ఉత్తరాది రాష్ట్రాలు తిరిగి అప్పగించడం లేదన్నది ప్రధాన ఫిర్యాదు. విడిపోయిన రాష్ట్రాలు 1861లో రాసుకున్న రాజ్యాంగం, బానిసలపై ఆస్తి హక్కును దెబ్బతీసే చట్టం చేయరాదని తమ కాంగ్రెస్‌ను కట్టడి చేసింది. అదే ఏడాది ఏప్రిల్ 12న కేంద్ర సైన్యం ఆధీనంలోని ఫోర్ట్ సమ్టర్ కోటపై వారి ఫిరంగులు పేలాయి, యుద్ధం మొదలైంది.

దక్షిణాది నాయకులు తమ కారణాన్ని తామే లిఖితపూర్వకంగా చెప్పుకున్నారు. వారు కోరిన హక్కు మనిషిని సొంతం చేసుకునే హక్కు. దాన్ని కాపాడినంత కాలం కేంద్ర అధికారం వారికి సమ్మతమే. ప్రాణాలకు తెగించి పారిపోయిన బానిసలే ఆ నిజాన్ని దేశం ముందు నిలబెట్టారు. వారిని పక్కనపెట్టి ఈ యుద్ధ చరిత్ర రాయడం అన్యాయం.