స్నాతకోపన్యాసం ఎవరి మాట?

స్నాతకుడు అంటే స్నానం చేసినవాడని అర్థం. గురుకులంలో చదువు ముగించిన శిష్యుడు ఆ స్నానంతో గృహస్థ జీవితంలోకి అడుగుపెట్టేవాడు. వెళ్ళబోయే శిష్యులకు గురువు చేసిన బోధ తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో వుంది. సత్యం పలకమనీ, ధర్మం ఆచరించమనీ, చదువును విడిచిపెట్టవద్దనీ గురువు చెప్పాడు. ఈ భాగాన్ని మన వేదికల మీద తరచుగా వల్లిస్తారు. కాని అదే బోధలో మరొక భాగం వుంది. తమ నడవడిలో మంచిదేదో దాన్ని మాత్రమే అనుసరించమనీ, తక్కినదాన్ని అనుసరించనక్కర లేదనీ గురువు శిష్యులకు అనుమతి ఇచ్చాడు. ఆ గురుకులం తలుపులు శూద్రులకు మూసివున్నాయన్న సంగతి మనం మరచిపోకూడదు. అయినా, చెప్పేవాడిని కూడా పరీక్షించే హక్కు వినేవాడికి వుందని ఆనాటి గురువు ఒప్పుకున్నాడు. నేటి స్నాతకోత్సవాల్లో ఆ హక్కు ఎక్కడ వుందో వెతికి చూడవలసి వస్తున్నది.

స్నాతకోత్సవానికి ఎవరిని పిలిచారన్నది చిన్న విషయమనీ, అది ఒక పూట జరిగే తంతు మాత్రమేననీ కొందరు అంటారు. తంతు అన్నమాట నిజమే. కాని సమాజం తన తంతుల్లోనే తన మనసు బయట పెట్టుకుంటుంది. పట్టభద్రులకు ఆదర్శంగా ఎవరిని చూపించాలని పాలకులు తలుస్తారో వారినే పిలిచి, వేదిక మీద నిలబెట్టి మాట్లాడిస్తారు. అందువల్ల ఉపన్యాసకుల వరుసను గమనిస్తే ఆయా కాలాల్లో పాలకవర్గం చదువునుంచి ఏమి ఆశించిందో తెలుస్తుంది.

మన దేశంలో ఈ తంతు 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలతో వచ్చింది. నల్లగౌను, టోపీ, ఊరేగింపు అన్నీ ఇంగ్లండునుంచి దిగుమతి అయినవే. గవర్నరో వైస్రాయో చాన్సలరుగా వుండేవాడు. ఆయన చెప్పేవాడు, కుర్రవాళ్ళు వినేవాళ్ళు. ఆ కాలపు ఉపన్యాసాలకు నమూనాగా 1905 ఫిబ్రవరిలో కలకత్తాలో లార్డు కర్జన్ చేసిన ఉపన్యాసాన్ని చెప్పుకోవచ్చు. సత్యనిష్ఠ అనే ఉన్నతాదర్శం చాలావరకు పాశ్చాత్యుల భావమనీ, ప్రాచ్యదేశాల్లో యుక్తికే ఎక్కువ గౌరవమనీ ఆయన పట్టభద్రుల ముఖాన చెప్పాడు. కొద్దిరోజులకే అమృతబజార్ పత్రిక కర్జన్ రాసిన పుస్తకంలోనుంచే ఒక భాగాన్ని అచ్చువేసింది. కొరియాలో ఒక పెద్ద అధికారి వయస్సు అడిగితే గౌరవం దక్కడానికి తన వయస్సు పెంచి చెప్పినట్లు కర్జన్ స్వయంగా అందులో రాసుకున్నాడు. ఆ భాగాన్ని వెతికి పట్టి ఇచ్చింది సోదరి నివేదిత. ఉపన్యాసకుణ్ణి అతని నడవడితో తూచి చూడటమంటే ఇదే. బెంగాలు విభజన జరిగింది కూడా ఆ సంవత్సరమే.

ఆ కలకత్తాలోనే 1932 ఫిబ్రవరి 6న మరొక స్నాతకోత్సవం జరిగింది. పట్టా తీసుకోవడానికి వచ్చిన బీనాదాస్ అనే యువతి, వేదిక మీద మాట్లాడుతున్న గవర్నరు స్టాన్లీ జాక్సన్ పైన తుపాకి పేల్చింది. గుళ్ళు తగలలేదు. ఆమెకు తొమ్మిదేళ్ళ కఠినశిక్ష పడింది. ఆమె పట్టాను విశ్వవిద్యాలయం ఆపివేసింది. ఆమె మరణించిన తరువాత, 2012లోగాని దాన్ని ప్రకటించలేదు. వ్యక్తులమీద తుపాకి పేల్చడం విప్లవమార్గం కాదని మనం వాదించవచ్చు. కాని వినడమే తప్ప మారుపలకడానికి వీలులేని సభ చివరికి ఎటువంటి జవాబును కొని తెచ్చుకుంటుందో ఈ సంఘటన చెబుతుంది.

అయిదేళ్ళ తరువాత, 1937లో, కలకత్తా విశ్వవిద్యాలయం రవీంద్రనాథ ఠాకూరును స్నాతకోపన్యాసానికి పిలిచింది. ఆయన బెంగాలీలో మాట్లాడాడు. అంతవరకూ ఆ వేదిక మీద ఇంగ్లీషే చెల్లింది. బిడ్డ పట్టా పుచ్చుకుంటుంటే వెనుక వరుసలో కూర్చున్న తల్లికి కూడా ఆ సభలో భాగముందని గుర్తించిన ఉపన్యాసం అది. ఎవరు మాట్లాడారన్న ప్రశ్నకు తోడు ఏ భాషలో మాట్లాడారన్న ప్రశ్న కూడా ఆనాడు వేదిక ఎక్కింది.

ఆ రెండో ప్రశ్న మన హైదరాబాదులో అంతకు ముందే లేచింది. 1921 నవంబరు 12న వివేకవర్ధిని థియేటరులో సంఘ సంస్కార మహాసభ జరిగింది. మహిళా విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన కార్వే పండితుడు అధ్యక్షుడు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాఫీగా నడిచాయి. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టగానే సభలో గోల చేశారు, ఎగతాళి చేశారు. తెలుగువారు లేచి వచ్చేసి ఆంధ్ర జనసంఘాన్ని పెట్టుకున్నారు. ఆ సంఘమే పెరిగి పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. ఆంధ్ర మహాసభ తెలంగాణా రైతాంగ పోరాటానికి వేదిక అయింది. ఒక వేదిక మీద ఒక మనిషి నోరు మూయించబోతే ఒక ప్రజోద్యమం పుట్టిందన్నమాట.

అప్పటికి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి మూడేళ్ళు. 1918లో స్థాపితమైన ఈ విశ్వవిద్యాలయం ఉన్నతవిద్యను దేశభాషలో, అంటే ఉర్దూలో నేర్పవచ్చునని రుజువు చేసింది. తర్జుమాశాఖ శాస్త్రగ్రంథాలను అనువదించింది, పారిభాషిక పదాలను తయారు చేసింది. ఇది నిస్సందేహంగా వలసవాద విద్యకు పెద్ద సవాలు. అయితే ఆ రాజ్యంలో సగానికి దగ్గరగా తెలుగువారు, వారి తరువాత మరాఠీలు, కన్నడిగులు. వారి భాషలకు ఆ తరగతి గదుల్లో బోధనాభాషగా చోటు లేదు. ఇంగ్లీషు పెత్తనాన్ని తోసివేసిన చేయి ప్రజలభాషలకు తలుపు తీయలేదు. 1948 తరువాత ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది, తెలుగు రాలేదు. ఈ మార్పులో ఉర్దూ చదువుకున్న పేద ముస్లిము విద్యార్థి కూడా నష్టపోయాడు. కొట్లాడుకోవలసినవి తెలుగూ ఉర్దూ కాదని ఈ చరిత్ర స్పష్టం చేస్తున్నది.

పట్టాలిచ్చే విశ్వవిద్యాలయమే విద్యార్థులను వెళ్ళగొట్టిన సంవత్సరం 1938. హాస్టళ్ళలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బహిష్కరించారు. ఆ గీతం విషయంలో భిన్నాభిప్రాయాలు వుండవచ్చు, వున్నాయి. కాని పాటకు శిక్ష చదువు కారాదు. బహిష్కృతుల్లో చాలామందికి నాగపూరు విశ్వవిద్యాలయం చోటిచ్చింది. పి.వి.నరసింహారావు వారిలో ఒకరు. ఇక అదే ఉస్మానియాలో ఎం.ఏ. చదివి, సిటీ కాలేజీలో అధ్యాపకుడై, ఆ కొలువు వదిలి కార్మికుల మధ్యకు వెళ్ళిన మఖ్దూం మొహియుద్దీన్ మన రచయితల సంఘాలకు పెద్దన్న వంటివాడు. పట్టాను ఎక్కడ ఖర్చు పెట్టాలో ఏ స్నాతకోపన్యాసమూ ఆయనకు చెప్పలేదు. ఆ పాఠం మిల్లుల్లోనూ వీధుల్లోనూ దొరికింది.

ఆ సిటీ కాలేజీ దగ్గరే 1952 సెప్టెంబరులో ముల్కీ ఉద్యమంపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. అప్పుడు అధికారంలో వున్నది ఎన్నికైన ప్రభుత్వమే. నాలుగు నెలలు తిరిగేసరికి, 1953 జనవరి 12న, ఉస్మానియా విశ్వవిద్యాలయం డాక్టరు అంబేడ్కరుకు గౌరవ పట్టా ఇచ్చింది. ఈ ఘటనను గురించి మనం సరిగా ఆలోచించలేదని నా అభిప్రాయం. అప్పటికి అంబేడ్కరు చేతిలో ఏ అధికారమూ లేదు. హిందూ కోడ్ బిల్లును ప్రభుత్వం వదిలివేసినందుకు 1951లో మంత్రిపదవి వదులుకున్నాడు. 1952 ఎన్నికల్లో బొంబాయిలో ఓడిపోయాడు. అటువంటి మనిషిని గౌరవించడమంటే విశ్వవిద్యాలయం ఆ రోజున పదవిని కాక పనిని చూసిందని అర్థం. మన ప్రాంతంలో ఈ తంతు సార్థకమైన సందర్భాల్లో దీన్ని ముందు వరుసలో పెట్టాలి.

ఇటీవలి వరుస చూడండి. ఉస్మానియా 81వ స్నాతకోత్సవానికి, 2021లో, రక్షణ పరిశోధన సంస్థ అధిపతి సతీశ్‌రెడ్డి ముఖ్య అతిథి. 2022 ఆగస్టులో 82వ సభకు అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ. 2023 అక్టోబరులో 83వ సభకు అడోబీ కంపెనీ అధిపతి శంతను నారాయణ్. 2025 ఆగస్టులో 84వ సభకు ఇస్రో అధ్యక్షుడు నారాయణన్. వీరంతా తమ తమ రంగాల్లో ప్రతిభ చూపినవారే. శంతను నారాయణ్ ఇక్కడే చదువుకున్నవాడు కూడా. మన పిల్లవాడు పెద్దవాడైతే పిలిచి సన్మానిస్తే తప్పేమిటని అడుగుతారు. తప్పేమీ లేదు. వ్యక్తులతో మనకు పేచీ లేదు, వరుసతోనే పేచీ. ఆయుధాలు, న్యాయస్థానం, కంపెనీ, రాకెట్టు: ప్రతి ఒక్కరూ ఒక గొప్ప సంస్థ శిఖరం మీద నిలబడినవారే. ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని గాని, వైద్యం అందని తండాలో జీవితం గడిపిన డాక్టరు గాని, కార్మికుల కేసులు వాదించి ముసలివాడైన న్యాయవాది గాని ఈ నాలుగింటిలో లేరు. వారు విద్యావంతులు కారా? వారి పని పట్టభద్రులకు ఆదర్శం కాదా?

మన నగరంలోనే వున్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం 2016 డిసెంబరులో సినిమానటుడు షారుఖ్ ఖాన్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆనాటి ఉత్సాహాన్ని నేను తప్పు పట్టను. పాతబస్తీ కుర్రవాళ్ళకు తమ భాష మాట్లాడే కథానాయకుడు దగ్గరివాడే. కాని ఉర్దూలో బి.ఏ. పట్టా పుచ్చుకున్నవాడికి మర్నాడు ఉద్యోగం ఎక్కడ అన్న ప్రశ్న ఆ వెలుగులో కనిపించకుండా పోరాదు.

వేదికకు జవాబు చెప్పిన సభ కూడా ఆ ఏడాదే జరిగింది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల 2016 జనవరి 17న మరణించాడు. అతనితోపాటు హాస్టలునుంచి బహిష్కృతుడైన వేల్పుల సుంకన్న అక్టోబరు 1న స్నాతకోత్సవ వేదిక ఎక్కాడు. వైస్ చాన్సలరు అప్పారావు చేతినుంచి పి.హెచ్‌డి. పట్టా పుచ్చుకోవడానికి నిరాకరించాడు. చివరికి వేదిక మీది మరొక అధికారి పట్టా ఇచ్చాడు. ఆయన కేకలు వేయలేదు. పట్టా తన శ్రమఫలం గనుక దాన్ని వదులుకోలేదు, ఏ చేయి ఇవ్వాలో మాత్రం తానే నిర్ణయించుకున్నాడు. మన కాలపు స్నాతకోపన్యాసాల్లో ఒక్కమాట లేకుండా సాగిన ఈ ఉపన్యాసాన్ని కూడా లెక్కవేయాలి.

ఈ చరిత్రనంతా కార్వాన్ వంటి పేటనుంచి చూస్తే మరికొంత తేటపడుతుంది. కార్వాన్ అంటే బిడారు. గోలకొండ కోటకూ పురానాపూల్‌కూ నడుమ కుతుబ్‌షాహీల కాలంలో వర్తకుల బిడారులు దిగిన చోటు. రత్నాల వ్యాపారం నడిచిన చోటు. 1671నాటి టోలీ మసీదు ఇప్పటికీ ఇక్కడ నిలిచివుంది. రత్నాన్ని అమ్మేవాడి పొగడ్తతో ఇక్కడ ఎవరూ కొనలేదు, వెలుతురుకు పట్టి చూసి కొన్నారు. నేడు ఈ వీధుల్లో తెలుగు, దక్కనీ, మరాఠీ, మార్వాడీ కలగలిసి వినిపిస్తాయి. ఇక్కడినుంచి డిగ్రీ చదివే పిల్లల్లో ఎందరో తమ ఇంట్లో మొదటి పట్టభద్రులు. వారి తల్లిదండ్రులు ఆర్ట్స్ కాలేజీ రాతిమెట్ల ముందు ఫోటో దిగుతారు. లోపల జరిగిన ఉపన్యాసం మాత్రం వారి చెవిని దాటిపోతుంది. ఎందుకంటే అది ఇంగ్లీషులో వుంటుంది, ఇంకా ముఖ్యంగా అది తమ పిల్లలు రేపు ఎదుర్కోబోయే బ్రతుకు గురించి వుండదు. కష్టపడితే పైకి వస్తారని ఉపన్యాసకుడు చెబుతాడు. కష్టం అంటే ఏమిటో ఆ తల్లిదండ్రులకు ఆయనకన్నా బాగా తెలుసు. ఇంత కష్టపడినా పైకి ఎందుకు రాలేకపోయామన్నది వారి ప్రశ్న.

విశ్వవిద్యాలయం పుట్టి 107 ఏళ్ళయిన 2025లో జరిగింది 84వ స్నాతకోత్సవం. సభలు జరగని సంవత్సరాలు ఎన్నో వున్నాయన్నమాట. జరిగినప్పుడైనా అవి ఎవరికోసం జరగాలో అడగవలసినవారు విద్యార్థులూ అధ్యాపకులే. ఉపన్యాసకుణ్ణి నిర్ణయించే సంఘంలో విద్యార్థి ప్రతినిధులు వుండాలి. ఉపన్యాసం తెలుగులోనూ ఉర్దూలోనూ సభకు అందాలి. పట్టా పుచ్చుకునేవారిలో ఒకరికి వేదిక మీద పది నిమిషాలు మాట్లాడే హక్కు వుండాలి. ఖాళీగా వున్న అధ్యాపక ఉద్యోగాల గురించీ, ఆగిపోయిన ఫీజుల గురించీ, హాస్టలు భోజనం గురించీ ఆ పది నిమిషాల్లో అతిథి వినాలి.

ఈ మూడు కోరికల్లో విప్లవమేమీ లేదు. అధికారులు వాటిని వెంటనే ఒప్పుకుంటారన్న భ్రమ కూడా మనకు అక్కర లేదు. కాని వచ్చే స్నాతకోత్సవం ఆహ్వానపత్రం అచ్చుకు పోకముందే ప్రతి కాలేజీలోనూ వీటిని చర్చకు పెట్టడం మన సంఘాల చేతిలో వున్న పని.