నాగస్వరం కాని నాగస్వరం

పెండ్లి ముహూర్తాల నెలలలో హైదరాబాదులోని తార్నాకలో సాయంకాలం నిలుచున్నవారికి ఒక దృశ్యం కొత్త కాదు. బారాత్ ముందు నడిచే బ్యాండువారు ఒక వరుస ఎత్తుకోగానే, ఒక యువకుడు చేతిరుమాలు కొసను పండ్ల మధ్య బిగించి నాగస్వరం ఊదుతున్నట్లు ఊగుతాడు. మరొకడు అరచేతులను పడగవలె పట్టి నేలమీద పొర్లుతాడు. ప్రక్కనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆ వరుస వినని విద్యార్థి ఉంటాడనుకోవడం కష్టం. అది పాములవాని బూర నుండి వచ్చినదని చాలమంది నమ్మకం. కాని అది పుట్టినది ఒక విద్యుత్ వాద్యంలో.

1954లో వచ్చిన ‘నాగిన్’ అనే హిందీ చిత్రానికి సంగీత దర్శకుడు హేమంత్ కుమార్. అందులో పాములవాని నాగస్వరాన్ని పలికించిన వాద్యం క్లావియోలిన్. వాయించినవారు కల్యాణ్‌జీ వీర్‌జీ షా. తరువాత కల్యాణ్‌జీ–ఆనంద్‌జీ జంటలో ఒకరుగా ప్రసిద్ధి కెక్కినది వీరే.

క్లావియోలిన్‌ను 1947లో ఫ్రాన్సులోని వెర్సాయి నగరంలో కాన్‌స్టంట్ మార్టిన్ అనే ఇంజనీరు నిర్మించినాడు. మూడు స్థాయిల మెట్లపలక ఒక భాగం. ఆంప్లిఫైయరు, స్పీకరు ఉన్న పెట్టె మరొక భాగం. ఒక్కసారికి ఒకే స్వరం పలుకుతుంది.

దీని కంఠం నాగస్వరాన్ని పోలి ఉండడానికి కారణమేమి? లోపలి వాల్వు డోలకం ఇచ్చే తరంగం దాదాపు చతురస్రాకారం. అట్టి తరంగంలో మూలస్వరంతోపాటు బేసి అనుస్వరాలు మాత్రమే ఉంటాయి. మూలస్వరం సెకనుకు 200 కంపనాలదైతే, దాని తోడు 600, 1000, 1400 కంపనాల స్వరాలు వినవస్తాయి. వాటి కంపన పరిమితులు మూలస్వరంలో క్రమంగా మూడవ వంతు, ఐదవ వంతు, ఏడవ వంతు. పాములవాని బూరలో సొరకాయ బుర్ర క్రింద ఉన్నది స్తూపాకారపు గొట్టం, దానికి నాలుక. ఒక కొస మూసినట్లు ప్రవర్తించే ఇట్టి గొట్టంలో కూడ బేసి అనుస్వరాలకే ప్రాబల్యం. వెదురు, వాల్వు ఒకే గణితాన్ని పాటించినవన్నమాట. పాములవాడు బుగ్గలలో గాలి నిలిపి ఊపిరి తెగకుండ ఊదవలసి ఉండగా, యంత్రానికి ఆ శ్రమ లేదు. (పాముకు వెలుపలి చెవులు లేవు. అది ముఖ్యంగా అనుసరించేది బూర కదలికను. ఈ రెంటి తేడా దానికి పట్టదు.)

కళాశాల ప్రయోగశాలలో మల్టీవైబ్రేటర్ వలయాన్ని కూర్చి ఆసిలోస్కోపు మీద చతురస్ర తరంగాన్ని చూచిన విద్యార్థి ఈ వాద్యపు గుండెకాయను చూచినట్లే. ఆ తరంగాన్ని ఒక స్పీకరుకు అందించి వింటే చాలు.

1962లో టెల్‌స్టార్ ఉపగ్రహం పేరిట బ్రిటన్‌లో వెలువడిన సంగీత రికార్డులోనూ క్లావియోలిన్ వినిపించింది. తరువాత 1964లో రాబర్ట్ మూగ్ తన సింథసైజరును ప్రదర్శించినాడు. ఓల్టేజిని మార్చి స్వరాన్ని, దాని రంగును అదుపు చేసే ఆ పద్ధతి ముందు క్లావియోలిన్ వెనుకబడింది. ‘అనుకరణ వాద్యం’ అన్న ముద్ర మాత్రం మిగిలింది.

ఆ ముద్ర న్యాయమైనది కాదు. 1981లో రోలండ్ సంస్థ బేస్ గిటారుకు బదులుగా టి.బి.-303 అనే పెట్టెను విడుదల చేసింది. గిటారు వలె పలకనందున 1984 నాటికే దాని తయారీ ఆగిపోయింది. అయితే 1982లోనే బొంబాయి సినీ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ దానితో పది రాగాలను రికార్డు చేసినాడు. ఆనాడు ఎవరూ అంతగా పట్టించుకోని ఆ రికార్డు 2010లో పునర్ముద్రణ పొంది దేశాంతరాలలో ఆదరణకు పాత్రమైనది. గిటారు కాలేని పెట్టెలో ఆయన గమకాన్ని విన్నాడు.

నేటి బ్యాండులలో తోపుడుబండి మీద చిన్న కీబోర్డు ఉండడం సామాన్యం. క్లావియోలిన్‌ను చూచినవాడు ఆ మేళంలో ఒక్కడైనా ఉండకపోవచ్చును. పాములవారు సైతం బూర మీద ‘నాగిన్’ వరుసనే ఊదుతుంటారు.