కొలిమి వద్ద గాలాడాలి

శిరివెళ్ల: కర్రులు సాగగొట్టే, కొడవళ్లకు కక్కు పెట్టే కమ్మరులకు, ఆళ్లగడ్డ శిల్పుల ఉలులకు పదును పెట్టేవారికి కొలిమే ఆధారం. అయితే కంటికి కనిపించే పొగకన్నా రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదకరం. ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుని, శరీరానికి ప్రాణవాయువు అందకుండా చేస్తుంది. పొగ తగ్గి నిప్పులే మిగిలినా వెలువడుతూనే ఉంటుంది. కట్టెబొగ్గుకూ మినహాయింపు లేదు.

కొలిమిపై గూడు, కప్పును మించిన పొగగొట్టం, ఎదురెదురుగా గాలి మార్గాలు తప్పనిసరి. వానకు, చలికి తలుపులు మూయరాదు. నిప్పుల పక్కన నిద్రించరాదు. జింకు పూత ఇనుమును కాల్చరాదు. ఆ తెల్లని పొగ పీల్చితే కొన్ని గంటలకు చలిజ్వరం వస్తుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు కనిపిస్తే బాధితుని వెంటనే ఆరుబయటకు చేర్చి 108కు ఫోన్ చేయాలి.