ఆరు సిలిండర్లు, అయిదు టన్నులు: అమెరికా పికప్‌ల లాగుడు కథ

ఈ రోజు బండ్ల హిస్టరీ. ఇంజన్ గురించి ఏమీ తెలియకపోయినా పర్లేదు, మెల్లగా చెప్పుకుందాం.

మన ఊళ్లలో పికప్ అంటే బొలెరో. తొట్టిలో టమాటా ట్రేలో, సిమెంటు బస్తాలో వేసుకుని పోయే బండి. అమెరికాలో పికప్ కథ వేరు. అక్కడ తొట్టిలో వేసేదానికంటే వెనక హుక్కుకి తగిలించి లాగే బరువే ఎక్కువ. పడవ, గుర్రాల ట్రైలర్, గడ్డి మోపులు, ఆఖరికి చక్రాల మీద ఇల్లు కూడా. మన ట్రాక్టర్ వెనక ట్రక్కు తగిలించినట్టే, కాకపోతే హైవే మీద వంద కిలోమీటర్ల స్పీడులో.

ఈ లాగుడు దగ్గరే అక్కడ ఎప్పట్నుంచో ఒక పంచాయితీ ఉంది. ఆరు సిలిండర్లా, ఎనిమిదా? వీ8 ఉంటేనే అసలైన ట్రక్కు అని చాలామంది నమ్మకం. ప్రకాశం, గుంటూరు వైపు బండలాగుడు పోటీలు చూసినవాళ్లు మాత్రం ఈ మాటకి నవ్వుతారు. అక్కడ కొమ్ముల సైజు చూసి ఎవరూ ప్రైజు ఇవ్వరు కదా. ఇచ్చిన టైంలో బండని ఎన్ని అడుగులు లాగాయి, అంతే లెక్క.

పంచాయితీ మొదలైంది 1929లో. ఆ ఏడాది షెవర్లే కంపెనీ నాలుగు సిలిండర్ల రేటుకే ఆరు సిలిండర్ల ఇంజన్ ఇస్తాం అని మార్కెట్లోకి దిగింది. ఫోర్డ్ ఊరుకుంటుందా? 1932లో మామూలు జనం కొనగలిగే రేటులో వీ8 తెచ్చింది. అప్పట్నుంచి ఎనిమిది అంటే గొప్ప, ఆరు అంటే ఏదో సరిపెట్టుకున్నట్టు అనే లెక్క పడిపోయింది. తమాషా ఏంటంటే, సిక్స్‌ని కసిగా వాడిన కంపెనీల్లో ఆ ఫోర్డే ముందుంటుంది.

1965లో ఫోర్డ్ తన ట్రక్కులకి 300 అనే ఇంజన్ పెట్టింది. 300 క్యూబిక్ ఇంచులు, అంటే 4.9 లీటర్లు. ఆరు సిలిండర్లూ ఒకే వరుసలో ఉంటాయి. 1996 దాకా, అంటే 31 ఏళ్లు దాన్ని తయారు చేస్తూనే ఉన్నారు. పవర్ చూస్తే పెద్దగా ఏం లేదు, చివరి రోజుల్లో కూడా 150 హార్స్‌పవరే. మరి ఎందుకంత పేరు?

ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే కథంతా ఇక్కడే ఉంది. ఒకే వరుసలో ఆరు పిస్టన్లు ఉంటే వాటి ఊపులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే వణుకు తక్కువ. కింద తిరిగే క్రాంక్‌షాఫ్ట్‌ని ఏడు చోట్ల బేరింగులు పట్టుకుంటాయి, అంటే ప్రతి పిస్టన్‌కీ రెండు పక్కలా సపోర్టు. వీ8లో ఆ బేరింగులు అయిదే. పైగా ఈ 300లో టైమింగ్‌కి బెల్టూ లేదు, చైనూ లేదు, నేరుగా గేర్లే. తెగడానికి ఏమీ లేదన్నమాట. ఇక 2,000 ఆర్‌పీఎం దగ్గరే 350 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేసేది. బరువుని నిలబడిన చోటు నుంచి కదిలించడానికి కావాల్సింది అదే. జనరేటర్లలో, చెట్ల కొమ్మలు నరికే మెషీన్లలో, ఇంటింటికీ పార్సిళ్లు వేసే వ్యాన్లలో కూడా ఇదే ఇంజన్ వాడారు.

అలాగని దాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. కదిలించేది టార్క్ అయినా, ఘాట్ రోడ్డు మీద స్పీడు నిలబెట్టేది హార్స్‌పవర్. బరువు తగిలించి కొండ ఎక్కిస్తే 300 బండి ఎక్కేది, కానీ వెనక హారన్లు మోగుతూనే ఉండేవి.

దీనికి జవాబు 1989లో వచ్చింది. అప్పుడు డాడ్జ్ ట్రక్కుల పరిస్థితి బాగాలేదు, బాడీ డిజైనే 1972 నాటిది. ఫోర్డ్, జనరల్ మోటార్స్ తమ పికప్‌లలో డీజిల్ వీ8లు పెడుతుంటే, డాడ్జ్ వెళ్లి కమిన్స్ వాళ్ల 5.9 లీటర్ల సిక్స్ తెచ్చి పెట్టింది. అది పికప్ కోసం పుట్టిన ఇంజన్ కాదు, ట్రాక్టర్లకీ లారీలకీ మెషీన్లకీ చేసింది. ఇంజన్ ఒక్కటే దాదాపు అర టన్ను. 160 హార్స్‌పవర్, 540 న్యూటన్ మీటర్ల పైన టార్క్, అదీ 1,700 ఆర్‌పీఎం లోపే. పొలాల్లో, పశువుల సంతల్లో తిరిగేవాళ్లు ఒక్కసారిగా డాడ్జ్ వైపు చూశారు. నా లెక్కలో ఆ కంపెనీ పికప్ పేరుని నిలబెట్టింది ఈ ఇంజనే.

అన్నట్టు, ఈ ఇంజన్ మనకి చుట్టమే. 1993లో టాటా, కమిన్స్ కలిసి జంషెడ్‌పూర్‌లో కంపెనీ పెట్టాయి. అక్కడ తయారైన అదే 5.9 సిక్స్ టాటా 2515 లాంటి పది టైర్ల లారీల్లో మన హైవేల మీద లక్షల కిలోమీటర్లు తిరిగింది. మీ ఇంట్లో లారీ నడిపిన పెదనాన్నో మామయ్యో ఉంటే అడిగి చూడండి, ఆ సౌండు నోటితో చేసి చూపిస్తారు.

ఇక పెట్రోల్ సిక్స్ మళ్లీ పరువు తెచ్చుకుంది 2011లో. ఫోర్డ్ ఎఫ్-150లో 3.5 లీటర్ల వీ6కి రెండు టర్బోలు తగిలించింది. 365 హార్స్‌పవర్, లాగే కెపాసిటీ 11,300 పౌండ్లు, అంటే 5 టన్నులకు పైనే. జనం నమ్మలేదు. అప్పుడు ఫోర్డ్ ఒకే ఇంజన్‌ని అడవిలో దుంగలు లాగడానికి, రేసు ట్రాక్‌లో 24 గంటలు ట్రైలర్ లాగడానికి, బాహా ఎడారి రేసుకి వాడి, చివరికి డెట్రాయిట్ ఆటో షోలో అందరి ముందు ముక్క ముక్కగా విప్పి చూపించింది. మంచి షో, ఒప్పుకోవాలి. కానీ పరీక్ష పెట్టింది వాళ్లే, మార్కులు వేసుకుందీ వాళ్లే. ఇంకోటి, బరువు లాగేటప్పుడు టర్బో ఇంజన్ పెట్రోల్ గటగటా తాగేస్తుంది. చిన్న ఇంజన్ కదా అని మైలేజీ మీద ఆశ పెట్టుకోవద్దు.

మరి ఎవరి లెక్క నమ్మాలి? చాలా ఏళ్లు కంపెనీలు టోయింగ్ కెపాసిటీ నంబర్‌ని ఎవరికి వాళ్లే రాసుకున్నాయి. పక్కవాడు 10,000 అంటే వీడు 10,500 అనడం. నంబర్ నమ్మి బరువు తగిలించే కుటుంబం ప్రాణం దాని మీదే ఉంటుంది. 2008లో ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ అందరికీ ఒకే పరీక్ష రాసింది. పేరు జే2807. ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 18 కిలోమీటర్ల ఘాటు, 900 మీటర్ల ఎత్తు. ఎండ 38 డిగ్రీలు, ఏసీ ఫుల్లు, బరువుతో ఎక్కాలి, మామూలు పికప్ స్పీడు 64 కిలోమీటర్లకి తగ్గకూడదు. టొయోటా 2011 మోడళ్లకే ఒప్పుకుంది, దాంతో దాని నంబర్లు తగ్గాయి. మిగతా పెద్ద కంపెనీలు నువ్వు ముందు, నువ్వు ముందు అంటూ 2015 మోడళ్ల వరకు లాక్కొచ్చాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఎవరైనా పాత ట్రక్కు కొంటుంటే ఈ సంవత్సరాలు గుర్తుపెట్టుకోండి.

ఇంకొకటి, లాగడం కంటే ఆపడం కష్టం. దిగేటప్పుడు చిన్న టర్బో సిక్స్ పెద్ద వీ8 అంతగా బండిని పట్టి ఆపలేదు. ట్రైలర్‌కి సొంత బ్రేకులు కావాలి. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడాలి. వెనక్కి ఎక్కువ లోడు చేస్తే ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది, ఇంకాస్త స్పీడు పెరిగితే ట్రక్కుని కూడా తిప్పేస్తుంది.

2022లో టొయోటా టండ్రా నుంచి వీ8 పూర్తిగా పోయింది. ర్యామ్ కూడా 2025 మోడల్‌లో తన హెమీ వీ8 తీసేసి రెండు టర్బోల సిక్స్ పెట్టింది. కొత్త సిక్స్‌కి పవర్ ఎక్కువే. అయినా కస్టమర్లు గొడవ చేశారు, 2026కి హెమీని వెనక్కి తెచ్చారు. ఎక్కువమంది అడిగింది లాగుడు గురించి కాదు, ఆ సౌండు గురించే.

వచ్చే ఎపిసోడ్‌లో ట్రాక్టర్లు చూద్దాం. మీ ఊళ్లో బరువులు లాగిన పాత బండి ఏదైనా ఉంటే కింద కామెంట్లో రాయండి.